అమెరికా లైబ్రరీల్లో వెయ్యి పుస్తకాల ప్రోగ్రామ్: మన పసిపిల్లలతో, మన తెలుగులో ఎలా చేయాలి

మేముండేది డల్లాస్ పక్కన. మా వీధిలో ఎవరింట్లో బిడ్డ పుట్టినా పథ్యం కూరల సంగతి అయిపోగానే నన్నడిగే రెండో ప్రశ్న ఒకటే. "లైబ్రరీలో ఏదో వెయ్యి పుస్తకాలంట కదా, ఎలా చేరాలి?" దాని వెనకే ఇంకో మూడు వస్తాయి. మూడు నెలల పిల్లకు అప్పుడే పుస్తకమేంటి? తెలుగులో చదివితే లెక్కలోకి వస్తుందా? మా అమ్మ ఊరి నుంచి వచ్చి ఉంది, ఇంగ్లీషు రాదు, ఆవిడతో లైబ్రరీకి పంపొచ్చా? ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పీ చెప్పీ గొంతు పోతోంది, అందుకే అంతా ఒకచోట రాసేస్తున్నాను. తొందరలో ఉన్నవాళ్ళకి జవాబులు ముందే: చదవొచ్చు, వస్తుంది, నిక్షేపంగా పంపొచ్చు.

ప్రోగ్రామ్ పేరు "వన్ థౌజండ్ బుక్స్ బిఫోర్ కిండర్‌గార్టెన్". నెవాడాలోని ఒక లాభాపేక్ష లేని సంస్థ దీన్ని ప్రోత్సహిస్తోంది, ఎన్నో ఊళ్ళ పబ్లిక్ లైబ్రరీలు ఎవరి పద్ధతిలో వాళ్ళు నడుపుతున్నాయి. బిడ్డ పుట్టినప్పటి నుంచి కిండర్‌గార్టెన్‌లో చేరేలోపు, అంటే సుమారు ఐదేళ్ళలో, ఇంట్లోవాళ్ళు వెయ్యి పుస్తకాలు చదివి వినిపించాలి. పైసా ఖర్చు లేదు. చదవాల్సింది మనం, పిల్లలు వింటే చాలు. ఈ ఒక్క ముక్క తెలియకే చాలామంది "మావాడికి ఇంకా ఏబీసీడీలే రావు, తర్వాత చూద్దాం" అని వాయిదా వేస్తారు, వేసి వేసి నాలుగేళ్ళు నిండాక మళ్ళీ ఫోన్ చేస్తారు.

వెయ్యి అనగానే భయపడకండి, లెక్క వేస్తే చాలా చిన్నది. పుట్టగానే మొదలుపెడితే నెలకు 17 పుస్తకాలు. రోజుకు ఒకటి చొప్పున మూడేళ్ళు చదివితే 1095, అంటే వెయ్యి దాటేసినట్టే. రెండేళ్ళే మిగిలుంటే వారానికి పది. ఏడాదే మిగిలుంటే రోజుకు మూడు, కాస్త ఉరుకులు తప్పవు. పైగా ఒకే పుస్తకం పదిసార్లు చదివితే పదిగా రాసుకోవచ్చు. పసిపిల్లలు ఎలాగూ ఒకే పుస్తకం పట్టుకుని ప్రాణం తీస్తారు కాబట్టి ఈ నియమం పెట్టినవాళ్ళెవరో పిల్లల్ని పెంచినవాళ్ళే అయ్యుంటారు.

కావలసినవి

- మీ పేరున ఇంటి అడ్రస్ చూపించే కాగితం ఒకటి (అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు, డ్రైవింగ్ లైసెన్స్, ఏదైనా), ఫొటో ఉన్న గుర్తింపు కార్డు
- గట్టి అట్టల పుస్తకాలు నాలుగైదు (ఇక్కడ బోర్డ్ బుక్స్ అంటారు)
- తెలుగు పుస్తకాలు, ఎన్ని దొరికితే అన్ని. ఎక్కడ దొరుకుతాయో కింద చెప్తాను
- లెక్క రాసుకోవడానికి లైబ్రరీవాళ్ళ షీటు, లేదా ఫోన్లో యాప్
- పుస్తకాలు వేసుకోవడానికి ఒక గుడ్డ సంచి. డైపర్ బ్యాగులో వేయకండి, పాలసీసా కారిందంటే పుస్తకం డబ్బులు కట్టాల్సిందే.
- రోజుకు పది నిమిషాలు, అవి కూడా ఒకేసారి అక్కర్లేదు

1. ముందు కార్డు తీసుకోండి

మీ ఊరి లైబ్రరీకి వెళ్ళి, పిల్లల సెక్షన్ దగ్గరున్న డెస్కులో "బిడ్డకు కార్డు ఇస్తారా" అని అడగండి. చాలా చోట్ల పుట్టిన బిడ్డకు కూడా ఇస్తారు, కొన్ని చోట్ల వయసు పరిమితి పెడతారు. ఇవ్వకపోయినా నష్టం లేదు, మీ కార్డు మీద తెచ్చుకోండి. ప్రోగ్రామ్‌లో చేరడానికి కార్డు ఉండి తీరాలని కొన్ని లైబ్రరీలు అంటాయి, కొన్ని అనవు.

వీసా గురించి చాలామంది గొంతు తగ్గించి అడుగుతారు. నేను తిరిగిన ఏ లైబ్రరీలోనూ వీసా అడగలేదు, అడిగింది అడ్రస్ మాత్రమే. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మమ్మ, తాతయ్యలకు కార్డు రాకపోవచ్చు గాని, బిడ్డను ఎత్తుకుని వెళ్ళి అక్కడ కూర్చుని చదవడానికి, స్టోరీటైమ్‌లో (లైబ్రరీవాళ్ళు పిల్లలకి కథలు చదివి వినిపించే కార్యక్రమం) కూర్చోడానికి కార్డుతో పనిలేదు.

జరిమానాల సంగతి. ఆలస్యమైతే డబ్బులు పడతాయేమో అనే టెన్షన్‌తో రెండే రెండు పుస్తకాలు తెచ్చుకునేవాళ్ళని చూశాను. చికాగో లైబ్రరీ 2019లో, న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ 2021లో ఆలస్యపు జరిమానాలు ఎత్తేశాయి, ఇంకా చాలా ఊళ్ళు అదే బాట పట్టాయి. మీ ఊరి సంగతి డెస్కులో ఒక్కమాట అడిగి కనుక్కోండి. జరిమానా లేకపోతే ఒకేసారి ఇరవై తెచ్చుకోండి. పోగొడితే, చింపేస్తే మాత్రం పుస్తకం ఖరీదు ఎక్కడైనా అడుగుతారు.

2. ప్రోగ్రామ్‌లో పేరు రాయించండి

ఇది రెండు నిమిషాల పని. కొన్ని లైబ్రరీలు కాగితం షీటు ఇస్తాయి, వంద గళ్ళు ఉంటాయి, పుస్తకానికో గడి రంగు వేయాలి. కొన్ని బీన్‌స్టాక్ అనే యాప్ వాడతాయి, అందులో మీ లైబ్రరీ పేరు వెతికి బిడ్డ పేరు చేర్చాలి. రెండూ ఉంటే నేను కాగితమే తీసుకోమంటాను. ఫ్రిజ్ మీద అంటిస్తే అమ్మమ్మ కూడా పెన్సిల్‌తో టిక్కు పెడుతుంది, యాప్ అయితే మీ ఫోన్లోనే ఉండిపోతుంది. నెలకోసారి కూర్చుని కాగితం మీది అంకె యాప్‌లోకి ఎక్కించుకోవచ్చు.

వందకో, రెండు వందలకో స్టిక్కరు, చివర్లో ఒక పుస్తకమో సంచో ఇస్తారు. బహుమతి మీద ఆశలు పెట్టుకోకండి. మా పెద్దదాని విషయంలో నేను చేసిన తప్పు అదే. సంచి మీద మోజుతో రోజుకు పన్నెండు పుస్తకాలు గబగబా చదివేదాన్ని, అది రెండోదానికే జారుకునేది, నేను ఖాళీ గదిలో గోడకు చదివి గళ్ళు నింపేదాన్ని.

3. తెలుగు పుస్తకాలు సంపాదించండి

ప్రోగ్రామ్‌కి భాషతో పనిలేదు. ఏ భాషలో చదివినా పుస్తకం పుస్తకమే. అసలు చిక్కు పుస్తకాలు దొరకడంలో ఉంది. నాకు తెలిసిన దారులు ఇవి.

మొదటిది మీ లైబ్రరీ కేటలాగే. తెలుగు లిపిలో టైపు చేసి "ఏమీ లేవు" అనుకుని వెనక్కి రాకండి. ఇక్కడి కేటలాగుల్లో తెలుగు పుస్తకాల పేర్లు చాలావరకు ఇంగ్లీషు అక్షరాల్లోనే ఎక్కించి ఉంటాయి, ఎక్కించినవాళ్ళ పద్ధతి కూడా మనం చాటింగ్‌లో రాసే పద్ధతి కాదు. అందుకని పేరుతో వెతకడం మానేసి, భాష దగ్గర తెలుగు ఎంచుకుని వెతకండి, లేదా సబ్జెక్టు గడిలో ఇంగ్లీషు అక్షరాలతో "తెలుగు లాంగ్వేజ్ మెటీరియల్స్" అని కొట్టండి. రెండు భాషల పుస్తకాలు కూడా ఆ మాట కిందే బయటపడతాయి.

మీ లైబ్రరీలో లేకపోతే వేరే ఊరి లైబ్రరీ నుంచి తెప్పించమని అడగొచ్చు, దాన్ని ఇంటర్‌లైబ్రరీ లోన్ అంటారు. కొన్ని చోట్ల ఉచితం, కొన్ని చోట్ల పోస్టు ఖర్చు అడుగుతారు. చాలా లైబ్రరీల్లో "ఈ పుస్తకం కొనండి" అని అడిగే ఫారం కూడా ఉంటుంది. దాన్ని మనవాళ్ళు అసలు వాడరు. పది తెలుగు కుటుంబాలు తలా ఒక ఫారం నింపితే లైబ్రరీవాళ్ళకి ఈ ఊళ్ళో తెలుగువాళ్ళున్నారని తెలుస్తుంది, అడగకపోతే ఎలా తెలుస్తుంది చెప్పండి?

రెండోది ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ సైటు, 2015 నుంచి ఉంది. తెలుగు కథలు బొమ్మలతో సహా ఉచితంగా చదవొచ్చు, డౌన్‌లోడ్ చేసి ప్రింటు తీసుకోవచ్చు. కథలు నాలుగు మెట్లుగా ఉంటాయి, రెండేళ్ళలోపు పిల్లలకి మొదటి మెట్టు చాలు, పేజీకి ఒకట్రెండు వాక్యాలే. జాగ్రత్త ఒకటి: ప్రింటు కాగితాలని స్టేప్లర్‌తో కుట్టి పసిబిడ్డ చేతికివ్వకండి, ఆ పిన్ను ఊడి నోట్లోకి పోతుంది. మడిచి మధ్యలో దారంతో నాలుగు కుట్లు వేయండి.

మూడోది ఊరి నుంచి వచ్చేవాళ్ళ సూట్‌కేసు. పచ్చళ్ళు ఒక కిలో తగ్గించి పుస్తకాలు పెట్టమనండి. నేషనల్ బుక్ ట్రస్ట్, ప్రథమ్ బుక్స్, సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం, తూలిక, ఇవన్నీ పిల్లలకి తెలుగులో బొమ్మల పుస్తకాలు వేసేవే. తూలికవాళ్ళవి కొన్నిటిలో పేజీలో తెలుగు, ఇంగ్లీషు రెండూ ఉంటాయి కాబట్టి అవి తెలుగు చదవడం తడబడే నాన్నలకి కూడా పనికొస్తాయి. అయితే ఇవి పల్చటి కాగితం పుస్తకాలు, ఏడాదిలోపు బిడ్డ చేతికి చిక్కితే మధ్యాహ్నానికి ముక్కలే. మీరు పట్టుకుని చూపించండి, చేతికి మాత్రం గట్టి అట్టల పుస్తకం ఇవ్వండి.

నాలుగోది అందరూ మర్చిపోయేది. లైబ్రరీలోని ఇంగ్లీషు పుస్తకం తీసుకుని బొమ్మలు చూపిస్తూ తెలుగులో చెప్పండి. మా అత్తయ్యగారు మొదట్లో "ఏమ్మా, ఈ బొమ్మలకి కథ నేను చెప్తే వాళ్ళు ఒప్పుకుంటారా?" అని మొహమాటపడ్డారు. లైబ్రేరియన్ని అడిగితే నవ్వి, అదే కావాలి, రాసుకోండి అంది. ఇంకేముంది, మంచులో తిరిగే ఎలుగుబంటి మా అత్తయ్యగారి చేతిలో పడి చెరుకు తోటలో దూరింది, కాపలా ఉన్న ముసలాయన కర్ర పట్టుకుని వెంటపడ్డాడు, మావాడు ఆ పుస్తకం పేజీ తిప్పినప్పుడల్లా "తాత ఏడీ?" అని వెతుకుతాడు. బొమ్మలో తాతే లేడు.

4. ఇంట్లో చదవడం: వయసును బట్టి

*పుట్టినప్పటి నుంచి నాలుగు నెలల దాకా.* మొదటి వారాల్లో బిడ్డకి స్పష్టంగా కనిపించేది జానెడు దూరమే. నలుపు తెలుపు బొమ్మలున్న పుస్తకం జానెడు దూరంలో పట్టుకుని మెల్లగా మాట్లాడండి. లేదా పుస్తకం పక్కన పెట్టి మీరు చదువుకుంటున్న పేపరే పైకి చదవండి, బిడ్డకి కావలసింది మీ గొంతు. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2014లోనే పుట్టినప్పటి నుంచే చదివి వినిపించమని సలహా ఇచ్చింది, కాబట్టి "అప్పుడే పుస్తకమేంటి" అనే పెద్దవాళ్ళకి డాక్టర్ల మాట అని చెప్పండి, ఇక మాట్లాడరు.

*ఐదు నుంచి పన్నెండు నెలలు.* పుస్తకం నోట్లోకే పోతుంది. పోనివ్వండి. మావాడికి ఏడో నెలలో ఒక బాతు పుస్తకం ఉండేది, చదవడం మొదలుపెట్టగానే కుడివైపు పైమూల నోట్లో పెట్టుకుని, చొంగ కారుస్తూ, కళ్ళు మాత్రం నా నోటివైపే తిప్పి ఉంచేవాడు. లాక్కుంటే ఏడుపు. అందుకని చేతికి ఒకటి ఇచ్చి, ఇంకోటి నేను చదవడం మొదలుపెట్టాను, ఇద్దరికీ గొడవ తీరింది. లైబ్రరీ పుస్తకమైతే తడిగుడ్డతో తుడిచి, తెరిచి నిలబెట్టి ఆరనివ్వండి. చిరిగితే ఇంట్లో టేపు అంటించకండి, ఆ టేపు తర్వాత పసుపెక్కి పేజీని ఇంకా పాడుచేస్తుంది. తిరిగిచ్చేటప్పుడు చిరిగిందని చెప్తే బాగుచేసుకుంటారు.

*ఏడాది నుంచి రెండేళ్ళు.* వరుసగా మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవాలని పట్టుబట్టకండి. వాడు నాలుగో పేజీ నుంచి తొమ్మిదో పేజీకి దూకితే మీరూ దూకండి. పేజీలోని వాక్యం చదవడం కన్నా "ఇదిగో కుక్క, మన సందు చివర కుక్క ఎలా అరిచింది?" అని మాట్లాడితే ఎక్కువసేపు కూర్చుంటాడు. కుక్క కోసం లేచి కిటికీ దగ్గరకి పరిగెత్తినా సరే, చదువు చెడినట్టు కాదు. పరిగెత్తే పిల్లలకి స్నానం అయ్యాక, అన్నం తినిపించేటప్పుడు, కారు సీటులో చదవండి (మీరు డ్రైవ్ చేస్తున్నప్పుడు కాదు లెండి).

*రెండేళ్ళు దాటాక.* చదివేటప్పుడు చివరి మాట మింగేసి ఆగండి. వాడే అందుకుంటాడు. ప్రశ్నలు అడగండి గాని పేజీకి ఒకటికి మించొద్దు. "ఇదేంటి, ఇదేం రంగు, ఎన్ని ఉన్నాయి" అని వరసపెట్టి అడిగితే అది వైవా పరీక్ష అవుతుంది, పిల్లలు పుస్తకం చూస్తేనే పారిపోతారు. ఈ జబ్బు మన నాన్నల్లో ఎక్కువ, చెప్పానని ఏమనుకోకండి.

ఊళ్ళో ఉన్న అమ్మమ్మతో వీడియో కాల్‌లో కూడా చదివించుకోవచ్చు. ఏడాదిన్నర లోపు పిల్లలకి స్క్రీన్ వద్దనే డాక్టర్లు కూడా వీడియో కాల్‌కి మినహాయింపు ఇచ్చారు. ఒకే పుస్తకం రెండు కాపీలు ఉండాలి, ఒకటి అక్కడ, ఒకటి ఇక్కడ మీ చేతిలో. ఆవిడ చదువుతుంటే మీరు ఇక్కడ పేజీ తిప్పాలి. మా టెక్సాస్‌లో ఉదయం ఎనిమిది అంటే అక్కడ ఎండాకాలంలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర; సీరియల్ టైము కాకుండా చూసుకోండి. ఆవిడ ఫోను చెవికి ఆనించుకుని చదివితే మీకు చెవి మాత్రమే కనిపిస్తుంది, మొదటి వారం ఓపిక పట్టండి.

5. స్టోరీటైమ్‌కి వెళ్ళండి

వారానికి ఒకట్రెండు రోజులు పొద్దున పూట, ఇరవై ముప్ఫై నిమిషాలు. పసిబిడ్డలకి వేరేగా పెడతారు, ఒళ్ళో కూర్చోబెట్టుకుని చేసేది కాబట్టి ల్యాప్‌సిట్ అంటారు. నడిచే పిల్లలకి వేరే, మూడు దాటినవాళ్ళకి వేరే. లైబ్రరీ క్యాలెండర్లో చూడండి, కొన్నిటికి ముందే పేరు రాయించుకోవాలి, కొన్నిటికి తలుపు దగ్గర టోకెన్ ఇస్తారు, పావుగంట ముందు వెళ్తే దొరుకుతుంది.

లోపల ఏం జరుగుతుందంటే, లైబ్రేరియన్ ఒకట్రెండు పుస్తకాలు చదువుతుంది, మధ్యలో పాటలు, చప్పట్లు, గిలకలు, బుడగలు. ఆవిడ చేసేది పిల్లల కోసమే అనుకుంటాం గాని సగం మన కోసం, ఇంటికెళ్ళి ఇలా చేయండి అని చూపించడం. అమెరికా లైబ్రరీ సంఘంవాళ్ళు తల్లిదండ్రులకు చెప్పే పనులు ఐదు: మాట్లాడటం, పాడటం, చదవడం, రాయడం, ఆడుకోవడం. వాళ్ళు చూపించేది చూస్తే మీకు నవ్వొస్తుంది, మోకాళ్ళ మీద గుర్రం ఆడించడం, అరచేతిలో వేలు తిప్పి చంకలో చక్కిలిగింతలు పెట్టడం, ఇవన్నీ మన నాయనమ్మలకి పుట్టుకతో వచ్చినవే.

ఇంగ్లీషు రాని అమ్మమ్మను పంపేటప్పుడు మొదటి రోజు మీరు వెంట వెళ్ళండి. గది ఎక్కడుందో, బాత్రూము ఎక్కడుందో, స్ట్రోలర్ ఎక్కడ పెట్టాలో చూపించండి. లైబ్రేరియన్‌కి "మా అమ్మ, తెలుగు మాట్లాడుతుంది" అని పరిచయం చేయండి. ఆవిడ నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోలేకపోతే కుర్చీ అడగండి, ఇస్తారు. మొహమాటానికి మూడుసార్లు మోకాళ్ళు నొప్పి పెట్టించుకుని నాలుగోసారి రానంటారు, అది మనం చూస్తున్నదే.

బిడ్డ ఏడిస్తే, పరిగెత్తితే, లైబ్రేరియన్ చేతిలోని పుస్తకం లాగితే ఎవరూ ఏమీ అనరు. బయటికి తీసుకెళ్ళి కాస్త తిప్పి మళ్ళీ తీసుకురండి. ఒక్కసారి ఏడ్చాడని మానేయకండి, కనీసం నాలుగు వారాలు వెళ్ళాక మానేయాలో వద్దో తేల్చుకోండి. అక్కడ విన్న పుస్తకాలు కూడా వెయ్యిలోకి వస్తాయి, డేకేర్‌లో టీచరు చదివినవి కూడా.

6. దీంతోపాటు అందేవి అందుకోండి

డాలీ పార్టన్ ఇమాజినేషన్ లైబ్రరీ అని ఒకటి ఉంది. డాలీ పార్టన్ ఇక్కడ పేరున్న గాయని, ఆవిడ 1995లో టెనెసీలోని తన సొంత కౌంటీలో మొదలుపెట్టింది, బిడ్డకి ఐదేళ్ళు వచ్చేదాకా నెలకో కొత్త పుస్తకం పోస్టులో ఇంటికి వస్తుంది, ఉచితం, మనదే అయిపోతుంది. మీ ప్రాంతంలో ఖర్చు భరించే స్థానిక సంస్థ ఉంటేనే వస్తుంది కాబట్టి సైటులో జిప్ కోడ్ కొట్టి చూడండి. లేదని వస్తే లైబ్రరీలో అడగండి, కొన్ని ఊళ్ళలో లైబ్రరీలే నడుపుతాయి.

పిల్లల డాక్టరు దగ్గర కూడా పుస్తకం ఇవ్వొచ్చు, రీచ్ అవుట్ అండ్ రీడ్ అని 1989లో బోస్టన్ ఆసుపత్రిలో మొదలైన పద్ధతి అది. టీకాకి వెళ్ళినప్పుడు ఇస్తే తెలుగు పుస్తకం ఉందా అని అడగడం మర్చిపోకండి, ఉండకపోవచ్చు, అయినా అడగండి. బ్రిటన్‌లో ఉన్నవాళ్ళకి బుక్‌స్టార్ట్ ఉంది. 1992లో బర్మింగ్‌హామ్‌లో మూడు వందల మంది పసిపిల్లలతో మొదలైంది, మీ హెల్త్ విజిటర్నో (పసిబిడ్డల్ని చూసే నర్సు) లైబ్రరీనో అడిగితే పుస్తకాల సంచి ఇస్తారు.

మన తెలుగు రాష్ట్రాల్లోనే ఉన్నవాళ్ళు "మాకివన్నీ ఎక్కడివి" అంటారు. ఇలాంటి షీటు లేకపోవచ్చు గాని, మీ ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా కడుతూనే ఉన్నారు, శాఖా గ్రంథాలయం మీదే. వెళ్ళి బాలల పుస్తకాలు ఉన్నాయా అని అడగండి, బీరువాకి తాళం వేసి ఉంటే తీయమనండి. వంద గళ్ళ కాగితం మీరే గీసుకోవచ్చు.

ఎక్కువమంది చేసే తప్పులు

ఇంగ్లీషు రావాలని ఇంగ్లీషు పుస్తకాలే చదవడం. కిండర్‌గార్టెన్‌లో చేరాక పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా వినేది ఇంగ్లీషే, అది ఎలాగూ వస్తుంది. తెలుగు మీరు మాట్లాడితేనే వస్తుంది. రెండు భాషలు వింటే మాటలు ఆలస్యమవుతాయనే భయం ఇప్పటికీ కొందరు పెద్దవాళ్ళు, అప్పుడప్పుడు డేకేర్‌వాళ్ళు కూడా పెడుతుంటారు. రెండు భాషల వల్ల మాటలు ఆలస్యం కావు. మీకు బాగా వచ్చిన భాషలోనే మీరు ఎక్కువ మాట్లాడతారు, బిడ్డకి కావలసింది అదే.

వాక్యం వాక్యం అనువాదం చేయడం. ఇంగ్లీషులో ఒక వాక్యం చదివి, ఆగి, తెలుగులో మళ్ళీ చెప్పడం వల్ల కథ కుంటుతుంది. ఒక పుస్తకం మొత్తం ఒక భాషలో చెప్పండి. మా ఇంట్లో నాన్న ఇంగ్లీషు, మిగతా అందరం తెలుగు.

యూట్యూబ్‌లో ఎవరో చదివే వీడియో పెట్టి గడి నింపేయడం. మీ లైబ్రరీ ఒప్పుకుంటుందో లేదో నాకనవసరం, ఆ పది నిమిషాలు బిడ్డ మీ ఒళ్ళో లేదు కదా.

పుస్తకాలు షోకేసులో పెట్టడం. ఖరీదైనవి పైన పెట్టండి, పది పుస్తకాలు మాత్రం నేల మీద, బిడ్డ చేతికందేలా బుట్టలో వేయండి.

షీటు రాయడం మూడు నెలలు మర్చిపోయి, సిగ్గుపడి ప్రోగ్రామే వదిలేయడం. గుర్తున్నంత వరకు అంచనా వేసి రాసుకుని మళ్ళీ మొదలుపెట్టండి, ఎవరూ ఆడిట్ చేయరు.

పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది

అంకెలు చూడకండి, అక్షరాలు గుర్తుపట్టాడా అని కూడా చూడకండి. ఇవి చూడండి. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ ఇచ్చే వయసువారీ జాబితాలో ఉన్నవే:

- ఏడాదిన్నరకి: మీతో కూర్చుని పుస్తకంలో కొన్ని పేజీలు చూస్తుందా?
- రెండేళ్ళకి: "ఎలుగుబంటి ఏది?" అంటే బొమ్మ మీద వేలు పెడుతుందా?
- రెండున్నరేళ్ళకి: బొమ్మ చూపించి "ఇదేంటి?" అంటే పేరు చెప్తుందా, పేజీలు ఒక్కొక్కటిగా తిప్పుతుందా?

తెలుగులో చెప్పినా లెక్కే. డాక్టరు దగ్గర ఫారం నింపేటప్పుడు ఇంగ్లీషు మాటలే లెక్కపెట్టి తక్కువ రాయకండి, "బువ్వ", "బౌబౌ", "తాత" అన్నీ మాటలే. పై వయసులకి ఇవి కనిపించకపోతే, పేరు పెట్టి పిలిచినా తిరగకపోతే, "మా తమ్ముడికీ మూడేళ్ళకి గాని మాటలు రాలేదు" అనే మాట నమ్మి కూర్చోకుండా డాక్టర్ని అడగండి. మూడేళ్ళలోపు పిల్లలకి ప్రతి రాష్ట్రంలోనూ ఎర్లీ ఇంటర్వెన్షన్ (ఎదుగుదలలో వెనకబడిన పసిపిల్లలకి సాయం చేసే కార్యక్రమం) ఉంది, డాక్టరు చీటీ లేకుండా మీరే నేరుగా ఫోన్ చేసి పరీక్ష చేయించుకోవచ్చు, ఆ పరీక్షకి డబ్బులు తీసుకోరు.

ఇంట్లో నేను చూసుకునే గుర్తు ఇంకా సులువు. బుట్టలోంచి పుస్తకం తీసి, వెనక్కి తిరిగి, మన ఒళ్ళో కూర్చోడానికి వెనకడుగులు వేస్తూ వస్తారు చూడండి, ఎక్కడ కూర్చుంటున్నామో కూడా చూసుకోకుండా. వారంలో అలా రెండుసార్లు వచ్చారంటే బాగానే నడుస్తోంది. నెల గడిచినా ఒక్కసారి రాలేదంటే పుస్తకాలు మార్చండి, లేదా చదివే వేళ మార్చండి. మావాడు రాత్రిపూట అస్సలు వినడు, పొద్దున లేచాక పాలు తాగుతూ మూడు వింటాడు. పెద్దది రాత్రిపూట తప్ప వినేది కాదు.

చివరగా మొన్న ఒకరు అడిగింది. అక్క చదివితే లెక్కలోకి వస్తుందా? వస్తుంది. మా పెద్దదానికి ఆరేళ్ళు, తెలుగు ఇంకా కూడబలుక్కునే దశ, సగం కథ సొంతంగా కల్పిస్తుంది. అవి కూడా రాస్తాం, గడి పక్కన "అక్క" అని. ఈ నెల షీటులో అలాంటివి ఇరవై మూడు ఉన్నాయి.